పాత స్పోర్ట్స్ కారు ఇంట్లోనే చూసుకోవాలంటే: వరంగల్ ఎండను ఏది తట్టుకుంటుంది, దేన్ని మార్చాలి?

ఎంజీబీ, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ లాంటి అసలు సిసలు పాత స్పోర్ట్స్ కార్లు మన వైపు అమ్మకానికి రావడం చాలా అరుదు. వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వైపు ఈ పిచ్చి పట్టినవాళ్లకు చేతికందేవి వేరు. స్టాండర్డ్ హెరాల్డ్, ప్రీమియర్ 118ఎన్ఈ, హిందుస్థాన్ కాంటెస్సా, కొంచెం దగ్గరి కాలానికొస్తే మొదటి తరం హోండా సిటీ 1.5 వీటెక్. గోవాలో తయారైన రెండు సీట్ల శాన్ స్టార్మ్ కూడా ఉంది గానీ, దాని గురించి కలలు కనడం ఒక ఎత్తు, వెతికి పట్టుకోవడం ఇంకో ఎత్తు.

వీటిలో ఒకదాన్ని కొని, ఇంటి ముందు షెడ్డులో సొంతంగా మెయింటెయిన్ చేసుకుంటూ, కాస్త కాస్త మార్పులు చేసుకోవాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఉత్తర తెలంగాణలో కారును ఎంచుకునేటప్పుడైనా, మార్పును ఎంచుకునేటప్పుడైనా హార్స్‌పవర్‌ను చివర చూడండి. ముందు చూడాల్సినవి రెండు: ఇంజన్ చల్లగా ఉండటం, పెట్రోలు ట్యాంకు నుంచి ఇంజన్ దాకా ఆటంకం లేకుండా రావడం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో పాత కారు ఆగిపోయిందంటే కారణం తొంభై పాళ్లు ఈ రెంటిలోనే దొరుకుతుంది.

ఏ కారు?

హెరాల్డ్‌తో మొదలుపెడదాం. మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ 1961 నుంచి తయారు చేసిన కారు ఇది. 948 సీసీ చిన్న ఇంజన్. వేగం ఆశించకండి. కానీ ఇంట్లో పని నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి కారు లేదు. బానెట్, ముందు మడ్‌గార్డులు కలిపి ఒకే ముక్కగా ముందుకు తెరుచుకుంటాయి. టైరు మీద కూర్చుని ఇంజన్ పని చేసుకోవచ్చు. బాడీ వేరు, ఛాసీ వేరు, కాబట్టి తుప్పు పట్టిన ముక్కను విప్పి పక్కన పెట్టి బాగుచేయొచ్చు. అన్నిటికంటే ముఖ్యం, స్పిట్‌ఫైర్ పుట్టిందే ఈ హెరాల్డ్ ఛాసీని పొట్టి చేసి. రెండింటినీ గీసింది ఇటలీ డిజైనర్ మికెలొట్టీయే. అందుకే ఇంగ్లండులో స్పిట్‌ఫైర్ కోసం ఇప్పటికీ తయారవుతున్న చాలా విడిభాగాలు హెరాల్డ్‌కూ పనికొస్తాయి. వెనక చక్రాల స్వింగ్ యాక్సిల్ ఒక్కటే దీని బలహీనత. మలుపులో వేగంగా వెళ్తూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలేస్తే వెనక చక్రం లోపలికి మడుచుకుపోయి కారు తిరగబడే ప్రమాదం ఉంది. ఇది తెలిసి నడపాలి.

118ఎన్ఈ చూడటానికి డబ్బాలా ఉంటుంది, నిజమే. ఫియట్ 124 బాడీలో నిస్సాన్ ఏ12 ఇంజన్ పెట్టి 1985లో వదిలారు. 1171 సీసీ, సుమారు 52 హార్స్‌పవర్, వెనక చక్రాల డ్రైవ్. ఆ ఇంజన్ మొండిది. పుష్‌రాడ్ ఇంజన్ కాబట్టి ట్యాపెట్లు (వాల్వుల సందు) సెట్ చేయడం ఒక ఆదివారం పొద్దున అయిపోతుంది. ఫియట్ 124 బాడీ తేలిక, తిరగడంలో చురుకు. తక్కువ డబ్బులో వెనక చక్రాల కారు నడిపే సరదా కావాలంటే నా ఓటు దీనికే. అయితే బాడీ తుప్పు తినేస్తుంది. కొనేముందు డోర్ల అడుగు, ఫ్లోర్, డిక్కీ మూలలు అయస్కాంతంతో తడిమి చూడండి. అంటుకోని చోట కింద పుట్టీ ఉన్నట్టే.

కాంటెస్సా గురించి ఎవరినడిగినా ముందు దాని ఠీవి గురించే చెప్తారు. 1984లో అంబాసిడర్‌లో వాడిన 1.5 లీటర్ల బీఎంసీ ఇంజన్‌తో వచ్చింది. అంత పెద్ద ఒంటికి యాభై హార్స్‌పవర్ ఏ మూలకు? తర్వాత వచ్చిన ఇసుజు 1.8 పెట్రోలు ఇంజన్, ఐదు గేర్లతోనే దానికి ప్రాణం వచ్చింది. 1817 సీసీ, సుమారు 88 హార్స్‌పవర్. 2002లో ఉత్పత్తి ఆగిపోయింది. కొంటే ఇసుజు పెట్రోలుదే కొనండి. డీజిల్ కాంటెస్సా తక్కువకు దొరుకుతుంది, కానీ దాన్ని స్పోర్ట్స్ కారనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే. బయటి ట్రిమ్, అద్దాల రబ్బర్లు, లైట్ల గ్లాసులు దొరకడం కష్టం. కాబట్టి ఇంజన్ బాగాలేకపోయినా ఫర్వాలేదు, బాడీ మీద సామాను మొత్తం ఉన్న కారు తీసుకోండి. ఇంజన్‌ను లేత్ మిషన్ దగ్గర కూర్చుని బాగుచేయించుకోవచ్చు. విరిగిన క్రోమ్ ముక్కకు మాత్రం దేశమంతా తిరగాల్సి వస్తుంది.

హోండా సిటీ వీటెక్ మిగతా మూడింటి కంటే ఒక తరం తర్వాతిది. సుమారు 106 హార్స్‌పవర్, తేలిక బాడీ, 7000 ఆర్‌పీఎం దాకా హాయిగా తిరిగే ఇంజన్. రోజూ నడపగలిగే సరదా కారు ఏదంటే ఇదే. కానీ ఇంట్లో పని విషయంలో దీని లెక్క వేరు. ఇంజెక్షన్ కారు, అంటే పెట్రోలును కంప్యూటరే కొలిచి చిమ్మిస్తుంది కాబట్టి, పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటర్ గొడవ లేదు. దానికి బదులు సెన్సార్లు, వైరింగ్, కంప్యూటర్ ఉంటాయి. పానాల కంటే మల్టీమీటర్ ఎక్కువ చేతిలో ఉంటుంది. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో రుజువు లేకపోతే కొన్న వారంలోనే మార్చేయండి. అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి హెడ్ పని పడుతుంది. పాత హోండా చవకగా దొరికినప్పుడు ఈ ఖర్చు కూడా ధరలో కలుపుకోండి.

నేర్చుకోవాలంటే హెరాల్డ్, నడపాలంటే సిటీ, రెండూ మధ్యస్థంగా కావాలంటే 118ఎన్ఈ. కాంటెస్సా మీద మనసు పడ్డవాళ్లు ఏ సలహా చెప్పినా వినరు, వాళ్లకు ఒకటే మాట: షెడ్డు కొలుచుకుని కొనండి.

కాగితాలు, చట్టం

మన దగ్గర పాత కార్లకు ఏపీ 36, ఏపీ 15, ఏపీ 25 నంబర్లుంటాయి. నంబర్ ప్లేటు కాదు, ఆర్‌సీ చూడండి. పాత కాగితం ఆర్‌సీ వివరాలు రవాణా శాఖ రికార్డుల్లో ఆన్‌లైన్‌లో కనిపిస్తున్నాయా, ఇంజన్ నంబరు, ఛాసీ నంబరు కారు మీద ఉన్నవాటితో కలుస్తున్నాయా చూడాలి. సొంత కారుకి మొదటి పదిహేనేళ్ల తర్వాత ఐదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్ చేయించాలి. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో కేంద్రం ఈ ఫీజును 10,000 రూపాయలకు పెంచింది. గ్రీన్ ట్యాక్స్ వేరే. రెన్యువల్ కాని కారు ధర తక్కువ చెప్పారంటే మిగతాది మీ దగ్గర వసూలయ్యేది ఆర్‌టీఏ ఆఫీసులోనే. మహారాష్ట్ర కారైతే ఎన్‌ఓసీ చేతికి రాకముందు మొత్తం డబ్బు ఇవ్వకండి.

మార్పుల విషయంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ గురించి తప్పక తెలుసుకోవాలి. తయారీదారు ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీలో రాసినదానికి తేడా వచ్చేలా కారును మార్చకూడదని దాని సారాంశం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్నే గట్టిగా చెప్పింది. ఇంజన్ మార్చాలంటే ముందే ఆర్‌టీఏ అనుమతి ఉండాలి. రంగు మారిస్తే ఆర్‌సీలో ఎక్కించాలి. 2019 సవరణ తర్వాత యజమాని చేయించిన ఇలాంటి ప్రతి మార్పుకూ 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. చప్పుడు చేసే సైలెన్సర్ వేరే సెక్షన్ కిందికొస్తుంది, దాని జరిమానా ఇంకా ఎక్కువ. బాడీని కోసేసే పనులు, పెద్ద ఇంజన్ దించే పనులు నా దృష్టిలో అసలు ఎంపికలే కావు.

హెరాల్డ్ లాంటి యాభై ఏళ్లు దాటిన కారుకు ఇంకో దారి ఉంది. 2021 జులైలో వచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత రెన్యువల్‌కు 5,000. ఛాసీలో, బాడీలో, ఇంజన్‌లో పెద్ద మార్పులు ఉండకూడదు. పైగా రోజూ రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలు పోయించుకోవడానికో, రిపేరుకో మాత్రమే తీయాలి. కొంచెం మార్చుకుని ఆదివారం పొద్దున డెబ్బై కిలోమీటర్ల దూరంలోని రామప్ప దాకా వెళ్లొద్దామనుకునేవాళ్లకు ఇది కుదరదు, మామూలు ఆర్‌సీయే మేలు. మ్యూజియంలా మెరిపించి పెట్టుకోవాలనుకుంటే వింటేజ్ నమోదు బాగుంటుంది. ఈ నిర్ణయం మొదటి బోల్టు విప్పకముందే తీసుకోండి. తర్వాత మనసు మార్చుకుంటే తీసేసిన పాత సామాను మళ్లీ కొనాల్సి వస్తుంది. మార్పు ఏది చేసినా పాత భాగాన్ని పారేయకండి. చీటీ కట్టి డబ్బాలో పెట్టండి.

కార్బొరేటర్ ఉంచాలా, ఇంజెక్షన్ పెట్టించాలా?

అసలు తలనొప్పి ఇది. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలు. పాత కార్లను ఇథనాల్ లేని పెట్రోలు లెక్కలో తయారు చేశారు. మామూలు పెట్రోలు ఒక పాలు పూర్తిగా మండాలంటే బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి. ఇథనాల్‌కు తొమ్మిది పాళ్లు చాలు. ఈ20కి ఆ లెక్క 13.5 దగ్గరకొస్తుంది. అంటే అదే జెట్టుతో (కార్బొరేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే సన్నటి రంధ్రం ఉన్న ముక్క) నడిపితే ఇంజన్‌కు పెట్రోలు ఏడెనిమిది శాతం తక్కువ అందినట్టు. ఇంజెక్షన్ కారులో ఆక్సిజన్ సెన్సార్ ఇది పట్టుకుని చాలావరకు సర్దేస్తుంది. కార్బొరేటర్‌కు ఆ తెలివి లేదు. ఇంజన్ వేడెక్కుతుంది, పికప్ తగ్గుతుంది, మధ్యమధ్యలో మిస్సింగ్ కొడుతుంది. దీన్నే పట్టుకుని కొందరు, కార్బొరేటర్ తీసేసి ఇంజెక్షన్ పెట్టించెయ్ అంటారు.

కాగితం మీద ఆ మాట సబబుగానే కనిపిస్తుంది. కానీ ఇంజెక్షన్ అంటే కార్బొరేటర్ చోట పెట్రోలు చిమ్మే భాగం ఒక్కటి బిగించడం కాదు. మూడు బార్ల ఒత్తిడి ఇచ్చే పంపు కావాలి, పెట్రోలు తిరిగి ట్యాంకుకు వెళ్లే పైపు కావాలి, మలుపుల్లో పంపు గాలి పీల్చకుండా ట్యాంకు లోపల అడ్డుగోడ కావాలి. క్రాంక్ పుల్లీకి పళ్ల చక్రం, దానికో సెన్సార్, ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ సెన్సార్, కంప్యూటర్. ఇదంతా బిగించాక ల్యాప్‌టాప్‌తో మ్యాప్ (ఎప్పుడు ఎంత పెట్రోలు చిమ్మాలో కంప్యూటర్‌కు చెప్పే పట్టిక) సరిచేసే మనిషి కోసం హైదరాబాదో బెంగళూరో చూడాలి. జనగామ దగ్గర రోడ్డు మీద కారు ఆగితే అక్కడి మెకానిక్‌కు ఆ కంప్యూటర్ చూపించి లాభం లేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిపోయిందన్నట్టు ఉంటుంది. మీరు స్వయంగా ఎలక్ట్రానిక్స్ తెలిసినవాళ్లై, ఆ పనే మీకు సరదా అయితే తప్ప ఇంజెక్షన్ జోలికి పోకండి.

కార్బొరేటర్ ఉంచుకుని ఈ20కి తగ్గట్టు సర్దడం చాలా తక్కువ ఖర్చు. ముందు రబ్బరు. పాత నైట్రైల్ రబ్బరు పైపులు ఇథనాల్‌కు మెత్తబడి, ఉబ్బి, లోపలి నుంచి పొట్టు రాలుస్తాయి. ఆ పొట్టు నేరుగా జెట్టులోకి వెళ్తుంది. పైకి బాగానే కనిపించినా ట్యాంకు నుంచి కార్బొరేటర్ దాకా ప్రతి రబ్బరు పైపును ఫ్లోరోఎలాస్టమర్ లోపలి పొర ఉన్న పైపుతో మార్చేయండి. షాపులో వైటాన్ పైపు అని అడిగితే తెలుస్తుంది. తర్వాత ఫ్లోట్ సూది (కార్బొరేటర్ నిండగానే పెట్రోలును ఆపేది), పంపు డయాఫ్రం, ప్యాకింగులు. ఆ తర్వాతే జెట్టు. మెయిన్ జెట్టు ఒక సైజు పెంచి, ఓ గంట హైవే మీద నడిపి, ప్లగ్గులు విప్పి చూడండి. తెల్లగా సున్నంలా ఉంటే ఇంకా తక్కువ పెట్రోలు పడుతున్నట్టు, లేత ఇటుక రంగులో ఉంటే సరిపోయినట్టు, మసి నల్లగా ఉంటే ఎక్కువైనట్టు. డ్రిల్ బిట్టు పెట్టి జెట్టు రంధ్రం పెద్దది చేసే అలవాటు మన మెకానిక్‌లలో ఉంది. చేయనివ్వకండి. సైజు నంబరున్న జెట్టే కొనండి.

ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. వానాకాలం రెండు నెలలు కదలకుండా నిలబెట్టిన కారు ట్యాంకు అడుగున నీళ్లు చేరి తుప్పు మొదలవుతుంది. నడపని నెలల్లో ట్యాంకు సగం ఖాళీగా వదలకండి. నింపి ఉంచండి లేదా పెట్రోలు పూర్తిగా తీసేయండి.

ఇక వేపర్ లాక్. మే నెలలో వరంగల్‌లో 43, 44 డిగ్రీలు మామూలే, రామగుండం ఇంకో అడుగు ముందుంటుంది. హోటల్ దగ్గర టీకి ఆపి పదిహేను నిమిషాల తర్వాత స్టార్ట్ చేస్తే స్టార్ట్ కాదు. ఇంజన్ పక్కనే ఉండే మెకానికల్ పంపు, పైపు వేడెక్కి అందులో పెట్రోలు ఆవిరైపోయి ఉంటుంది. తడిగుడ్డ వేసి స్టార్ట్ చేయడం అందరికీ తెలిసిన చిట్కానే. శాశ్వత పరిష్కారాలు రెండు. మొదటిది, పైపును ఎగ్జాస్ట్‌కు దూరంగా తిప్పి మధ్యలో రేకు అడ్డం పెట్టడం. ఖర్చు దాదాపు లేదు, ముందు ఇది చేసి చూడండి. రెండోది, ట్యాంకు దగ్గర తక్కువ ఒత్తిడి ఎలక్ట్రిక్ పంపు. కార్బొరేటర్‌కు మూడు నాలుగు పీఎస్‌ఐ మించకూడదు. ఇంజెక్షన్ కారు నుంచి తీసిన పంపు నలభై దాటి ఇస్తుంది, ఫ్లోట్ సూదిని తోసుకుని వేడి ఇంజన్ మీద పెట్రోలు పోసేస్తుంది. ఎలక్ట్రిక్ పంపు పెడితే ఇంజన్ ఆగగానే అది కూడా ఆగేలా ఆయిల్ ప్రెషర్ స్విచ్ ద్వారా కనెక్షన్ ఇవ్వడం తప్పనిసరి. ప్రమాదం జరిగినప్పుడు తాళం తీసే తీరిక ఉండదు.

రేడియేటర్: ఇత్తడిదా, అల్యూమినియందా?

అల్యూమినియం రేడియేటర్ తేలిక, చూడటానికి బాగుంటుంది, మంచి డిజైనైతే చల్లదనమూ ఎక్కువే. అయినా ఇక్కడ నేను పాత ఇత్తడి రేడియేటర్‌కే ఓటేస్తాను. కారణం ట్రాక్టర్లు, లారీలు. వ్యవసాయం, సింగరేణి ఉన్న ప్రాంతం కావడంతో రేడియేటర్ విప్పి, ట్యూబులు రాడ్డుతో తోమి, టంకం పెట్టి ఇచ్చే పనివాళ్లు మనకు బాగానే ఉన్నారు. అవసరమైతే కోర్ మొత్తం కొత్తది వేసి, మూడు వరసల చోట నాలుగు వరసలు పెట్టిస్తారు. అల్యూమినియం పగిలితే ఆర్గాన్ వెల్డింగ్ వచ్చినవాడు కావాలి, సన్నటి ట్యూబుకు వెల్డింగ్ అందరి వల్లా కాదు.

దీనికంటే పెద్ద విషయం నీళ్లు. మన బోరు నీళ్లు గట్టి నీళ్లు. టీ గిన్నెకు పట్టినట్టే రేడియేటర్ ట్యూబుకూ సున్నం పడుతుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి పోయండి. పదిహేను పీఎస్‌ఐ మూత సరిగ్గా పనిచేస్తే ఈ మిశ్రమం సుమారు 129 డిగ్రీల దాకా మరగదు. మూత రబ్బరు పోతే ఆ లాభమంతా పోతుంది. చిన్న మూత కదా అని దాన్ని ఎవరూ పట్టించుకోరు. అయితే పాత హెరాల్డ్‌కు ఏడు పీఎస్‌ఐ మూతే ఉంటుంది. పాత రేడియేటర్‌కు పెద్ద ఒత్తిడి మూత పెట్టి అతుకులు ఊడగొట్టుకోవద్దు.

ఓవర్‌హీట్ అనగానే థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు వెళ్లనివ్వని వాల్వు) పీకేయమంటారు. పీకేస్తే చలికాలంలో ఇంజన్ సరైన వేడికి రాదు, ఆయిల్ పాడవుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. కొన్ని ఇంజన్లలో నీరు బైపాస్ దారిన పోయి ఎండాకాలంలో ఇంకా వేడెక్కుతుంది. 82 డిగ్రీలది కొత్తది వేసుకోండి. వేసేముందు వేడినీళ్ల గిన్నెలో వేసి తెరుచుకుంటుందో లేదో చూసుకోవచ్చు.

ఫ్యాన్ విషయానికొస్తే, హైదరాబాదు హైవే మీద వెళ్లే కారుకు పాత బెల్టు ఫ్యాన్ చాలు. ట్రాఫిక్‌లో నిలబడినప్పుడే ఎలక్ట్రిక్ ఫ్యాన్ విలువ తెలుస్తుంది. మేడారం జాతర రోజుల్లో ములుగు రోడ్డెక్కితే ఇంకా బాగా తెలుస్తుంది. అసలు ఆ రోజుల్లో పాత కారు బయటికి తీయకపోవడమే మంచిది. ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెడితే రిలే, ఫ్యూజ్ ఉండాలి. పాత డైనమో కారుకైతే ముందు ఆల్టర్నేటర్ కావాలి. హెరాల్డ్ కాలపు లూకాస్ డైనమో ఇచ్చేది 22 ఆంపియర్లే. హెడ్‌లైట్లు, ఫ్యాన్ కలిపి వేస్తే బ్యాటరీ దిగిపోతుంది. మారుతి 800 ఆల్టర్నేటర్‌ను బ్రాకెట్ చేయించి బిగించడం మన ఎలక్ట్రీషియన్లకు తెలిసిన పనే. కొన్ని పాత బ్రిటిష్ కార్లలో పాజిటివ్ ఎర్త్ ఉంటుంది, అంటే బ్యాటరీ ప్లస్ వైరు బాడీకి కలిపి ఉంటుంది. అది మార్చకుండా ఆల్టర్నేటర్ తగిలిస్తే డయోడ్లు అక్కడికక్కడే కాలిపోతాయి.

పాయింట్లా, ఎలక్ట్రానిక్ ఇగ్నిషనా?

పాయింట్లంటే స్పార్క్ కోసం కరెంటును కలిపి తెంచే చిన్న స్విచ్. ఇక్కడ తర్జనభర్జన అక్కర్లేదు, వాటి బదులు ఎలక్ట్రానిక్ పెట్టండి. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ లోపలే దాగిపోతుంది, బయటికి కనిపించదు, తీసేస్తే కారు మళ్లీ అసలు రూపానికొస్తుంది. పాయింట్లు అరుగుతాయి. చాలా లూకాస్ డిస్ట్రిబ్యూటర్లలో ఉండాల్సిన 0.36 నుంచి 0.41 మిల్లీమీటర్ల గ్యాప్ మెల్లగా తగ్గుతూ టైమింగ్ జారిపోతుంది. ఈ మధ్య దొరికే కండెన్సర్లు ఎండకు ఎప్పుడు చస్తాయో తెలియదు. ఎలక్ట్రానిక్ మాడ్యూల్‌తో ఒకటే ఇబ్బంది, పోతే ముందు హెచ్చరిక ఉండదు. అందుకని సెట్ చేసిన పాయింట్ల ప్లేటు, కండెన్సర్, ఒక ఫీలర్ గేజ్ డ్యాష్‌బోర్డులో ఎప్పుడూ ఉంచుకోండి. కాయిల్ రెసిస్టెన్స్ మాడ్యూల్ కంపెనీ చెప్పిన దానికంటే తక్కువ ఉంటే మాడ్యూల్ కాలుతుంది, మల్టీమీటర్‌తో చూశాకే బిగించండి.

బ్రేకులు, టైర్లు, ఇంజన్ పవర్

పవర్ మీద పెట్టే మొదటి రూపాయికి ముందు బ్రేకుల మీద పెట్టండి. డ్రమ్ముల నుంచి డిస్కులకు మారడం హెరాల్డ్‌లో సాధ్యమే, స్పిట్‌ఫైర్ ముందు డిస్కు సామాను ఆ కుటుంబానిదే. కానీ నేనైతే ముందు ఉన్న డ్రమ్ములను లేత్ మీద గుండ్రంగా కోయించి, కొత్త లైనింగ్, కొత్త వీల్ సిలిండర్లు, కొత్త రబ్బరు హోసులు వేయిస్తాను. ఇది చేశాక చాలామందికి డిస్కుల కోరిక తగ్గిపోతుంది. వేరే కారు డిస్కు, కాలిపర్‌ను వెల్డింగ్ బ్రాకెట్‌తో తగిలించే పద్ధతి ఒకటుంది. ప్రాణం మీద ఆశ ఉంటే దాని జోలికి వెళ్లకండి. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలి. అది తేమను పీలుస్తుంది. కొత్త డాట్ 4 ఆయిల్ 230 డిగ్రీలకు మరిగితే, తేమ పట్టింది 155కే మరుగుతుంది. డాట్ 5 పెద్ద నంబరు కదా అని పోయకండి, అది సిలికాన్, మిగతావాటితో కలవదు.

టైర్లకు గీతల కంటే వయసు ముఖ్యం. పక్క గోడ మీద చివరి నాలుగు అంకెలు చూడండి: 2319 ఉంటే 2019లో 23వ వారం తయారైనదని. ఆరేడేళ్లు దాటితే గీతలెంత లోతుగా ఉన్నా మార్చడమే. హెరాల్డ్ పాత 5.20-13 సైజుకు 155/80 ఆర్13 రేడియల్ పనికొస్తుంది. అంతకంటే వెడల్పు పెడితే స్టీరింగ్ బరువెక్కడం తప్ప ఒరిగేదేం లేదు.

ఇంజన్ పవర్ సంగతి తొందరగా ముగిస్తాను. పెద్ద కార్బొరేటర్, ఫ్రీ ఫ్లో సైలెన్సర్ కంటే, రీబోర్ చేసి (అరిగిన సిలిండర్లను లోపల మళ్లీ గుండ్రంగా కోసి) కంప్రెషన్ సరిగ్గా ఉన్న ఇంజన్ ఎక్కువ పవర్ ఇస్తుంది. కంప్రెషన్ టెస్టర్ కొనండి. నాలుగు సిలిండర్ల మధ్య తేడా పది శాతం దాటితే ముందు ఆ సంగతి చూడండి. హెడ్ ఎలాగూ విప్పారు కాబట్టి ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు గట్టి లోహంవి వేయించండి. సీసం కలిసిన పెట్రోలు 2000లో పోయింది. అంతకుముందు కాలపు పోత ఇనుము హెడ్లలో సీటు మెల్లగా లోపలికి అరిగిపోతుంది. ఆయిల్ 20డబ్ల్యూ-50 మినరల్ చాలు. ఖరీదైన సింథటిక్ పాత సీళ్ల నుంచి కారడానికే.

ఇంట్లో ఏది, బయట ఏది?

జాకీ, నాలుగు జాకీ స్టాండ్లు, సాకెట్ సెట్టు, టార్క్ రెంచ్, మల్టీమీటర్, టైమింగ్ లైట్, పొడి చల్లే (డీసీపీ) అగ్నిమాపక సిలిండర్. వీటితో సర్వీసింగ్, కూలింగ్, ఫ్యూయల్, ఇగ్నిషన్, బ్రేకు పనులు మొత్తం ఇంట్లో అయిపోతాయి. ఒక్క జాకీ మీద లేపిన కారు కిందికి ఎవరూ దూరకండి, ఒక్క నిమిషానికైనా సరే. కార్బొరేటర్ కడిగే చోట దేవుడి దీపం, గ్యాస్ స్టవ్ దగ్గరలో ఉండకూడదు. కింది అంతస్తులో వంటగది పక్కనే షెడ్డు వేసుకున్న ఇళ్లు మనకు చాలా ఉన్నాయి కాబట్టి చెప్తున్నాను.

రీబోర్, క్రాంక్ గ్రైండింగ్, హెడ్ ఫేసింగ్ ఎలాగూ మిషన్ పని. వరంగల్ ఆటోనగర్‌లో విచారిస్తే లేత్ పనివాళ్లు దొరుకుతారు. అయితే ఎవరి దగ్గరైనా కొలత కాగితం మీద రాయించుకోండి: బోరు ఎంతకు చేశారు, పిస్టన్‌కు ఎంత గ్యాప్ వదిలారు. అడిగితే చిరాకు పడే షాపు మనకొద్దు. హైదరాబాద్ రాణిగంజ్‌లో మామూలు సామాను దొరుకుతుంది. అరుదైనవాటికి చెన్నై పుదుపేట, ముంబై కుర్లా, ఢిల్లీ మాయాపురి మార్కెట్లు ఉన్నాయి. హైదరాబాద్ నుంచి బరువైన సామాను ఆర్టీసీ కార్గోలో వేయిస్తే హన్మకొండలో తీసుకోవచ్చు.

పెయింటింగ్ మాత్రం ఇంట్లో పెట్టుకోకండి. ఇప్పుడందరూ వేసే రెండు డబ్బాల పీయూ పెయింటు హార్డెనర్‌లో ఐసోసైనేట్ ఉంటుంది, మామూలు గుడ్డ మాస్కు దాన్ని ఆపదు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. బూత్ ఉన్నచోట చేయించండి, అదీ వానాకాలం దాటాక. తుప్పు కోసి కొత్త రేకు వెల్డింగ్ చేసిన దశలో ఒకసారి, ప్రైమర్ దశలో ఒకసారి స్వయంగా వెళ్లి చూడండి. రంగు పడ్డాక పుట్టీ ఎంత మందంగా ఉందో ఎవరికీ కనిపించదు.

నిలబెట్టే చోటు కూడా ఎంపికే. హంటర్ రోడ్డు, నయీంనగర్ వైపు 2023 జులైలో వరద నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి, 2025 అక్టోబరు చివర మొంథా తుపానుకూ నగరం మునిగింది. పల్లపు కాలనీలో సెల్లార్ పార్కింగ్ ఉంటే జులై నుంచి అక్టోబరు దాకా కారును మిట్ట మీద ఉన్న బంధువుల ఇంటికి పంపడం నయం. ఆరుబయట ప్లాస్టిక్ కవరు కప్పితే లోపల తేమ నిలిచి తుప్పు ఇంకా వేగంగా పడుతుంది. పైన రేకు షెడ్డు, నాలుగు వైపులా గాలి చాలు. ఎలుకలకు మాత్రం బోను పెట్టక తప్పదు. వైరింగ్ కొత్తగా వేయించిన వారంలోనే వాటి కన్ను దాని మీద పడుతుంది.